ప్లగిన్లను బట్టి మారే హెల్ప్ పుటలను సాఫ్ట్‌వేర్‌లోనే కూర్చడం ఎలా?

వడ్లమూట, మిర్యాలగూడ:

నమస్కారం. రైసు మిల్లుల కోసం మేము తయారు చేసిన డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో వేబ్రిడ్జి కాంటా, తేమ కోత, సర్కారు వడ్లను మరపట్టి బియ్యంగా తిరిగి ఇచ్చే సీఎంఆర్ లెక్క, తవుడు నూకల అమ్మకం అన్నీ వేరువేరు ప్లగిన్లు (విడిగా తగిలించే భాగాలు). ఏ మిల్లు ఏవి అడిగితే అవే పెట్టి ఇస్తాం. హెల్ప్ మాత్రం అందరికీ పుటలన్నీ కలిపి కట్టిన ఒకే సీహెచ్‌ఎం ఫైలు. సీఎంఆర్ ప్లగిన్ తీసుకోని మిల్లు గుమాస్తా ఆ పుట చదివి, అందులోని మెనూ తన తెర మీద కనబడక మాకు ఫోన్ చేస్తున్నారు. ఉన్న ప్లగిన్లకు సరిపడే విషయసూచికను సాఫ్ట్‌వేర్ తనంతట తానే కూర్చుకునేటట్లు చేయడం ఎలా? ఎఫ్1 నొక్కితే ఆ తెరకు సంబంధించిన పుటే రావాలి. మిల్లుల్లో ఇంటర్నెట్‌ను నమ్ముకోలేం.

పాలమూరు_కోడ్, మహబూబ్‌నగర్:

పుటలను ప్రధాన సాఫ్ట్‌వేర్ దగ్గర కాకుండా ఆయా ప్లగిన్ ఫోల్డరులోనే ఉంచండి. ప్లగిన్‌ను తీసివేస్తే పుటలూ దానితోనే పోతాయి. ప్రోగ్రాములు రాయడానికి వాడే ఎక్లిప్స్‌లో ఉన్నది ఇదే పద్ధతి: ప్రతి ప్లగిన్ తన సూచికను ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలులో వెంట తెచ్చుకుంటుంది, ప్రధాన సూచికలో యాంకర్ల పేరుతో ఖాళీ చోట్లు ముందే వదిలి ఉంటాయి, తనను ఎక్కడ తగిలించాలో ప్లగినే చెబుతుంది. అందువల్ల ప్రధాన సూచిక రాసినవారికి రేపు రాబోయే ప్లగిన్ పేరు తెలియనక్కరలేదు. ఎఫ్1 కోసం ప్రతి తెరకు ప్లగిన్ పేరుతో మొదలయ్యే గుర్తింపు ఇవ్వండి. ఉత్త సంఖ్యలు ఇస్తే ఎప్పుడో ఒకప్పుడు రెండు ప్లగిన్లు ఒకే సంఖ్యను వాడుకుంటాయి.

నూకలగంప, సూర్యాపేట:

పై మాట సరైనదే గానీ, సూచికను కూర్చడం ఇందులో సులువైన భాగం. చిక్కు ఒక ప్లగిన్ పుట మరో ప్లగిన్‌ను ప్రస్తావించే చోట వస్తుంది. కాంటా పుటలో "తేమ కోత కోసం ఇక్కడ చూడండి" అని ఉండి, తేమ ప్లగిన్ లేకపోతే ఆ లింకు ఎక్కడికీ పోదు. అలాంటి వాక్యానికి ఏ ప్లగిన్ ఉంటే చూపాలో గుర్తు పెట్టి, అది లేనప్పుడు వాక్యాన్నే తొలగించాలి. లింకును మాత్రమే తీసేస్తే మొండి వాక్యం మిగులుతుంది.

అంకెలను కూడా పుటలో రాయకండి. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు అన్న సీఎంఆర్ లెక్క ప్లగిన్ సెట్టింగులో ఉన్నప్పుడు, పుట ఆ విలువను అక్కడి నుంచే తీసుకోవాలి. అయితే వడ్ల బండి గేటులోకి వచ్చినప్పటి నుంచి బిల్లు చేతికందే దాకా సాగే పని వరుసను కోడ్ నుంచి పుట్టించకండి. మేము ఒకసారి ఆ పని చేశాం: ప్రతి బటన్‌కూ ఒక వాక్యం వచ్చింది గానీ, ఏది ముందు నొక్కాలో ఏ పుటలోనూ లేదు. ఆ వరుసను మిల్లు పని తెలిసిన మనిషి చేత రాయించి, ప్రధాన పుటల్లో పెట్టండి.

వడ్లమూట:

ఇద్దరికీ ధన్యవాదాలు. సూచిక ఇప్పుడు బాగానే వస్తోంది. వెతుకులాటకు పుటల్లోని పదాలను నమోదు చేసే ఎస్‌క్యూలైట్ ఎఫ్‌టీఎస్5 పట్టిక పెట్టి, ప్లగిన్ల జాబితా గానీ వెర్షన్ గానీ మారినప్పుడే దాన్ని మళ్లీ కడుతున్నాం. అయితే "నూక" అని వెతికితే "దానికి", "దీనికి" అన్న మాటలున్న పుటలన్నీ వచ్చిపడుతున్నాయి.

పాలమూరు_కోడ్:

తప్పు మీ ప్లగిన్లలో లేదు. పాఠాన్ని పదాలుగా విడగొట్టే యూనికోడ్61 టోకనైజర్ మామూలుగా అక్షరాలను, అంకెలను మాత్రమే పదంలో భాగంగా లెక్కిస్తుంది. మన గుణింతపు గుర్తులు, పొల్లు యూనికోడ్‌లో ఎంఎన్, ఎంసీ అనే (అక్షరానికి తగిలే గుర్తుల) వర్గాల కిందికి వస్తాయి కాబట్టి ప్రతి గుర్తు దగ్గరా పదం తెగిపోతుంది. అప్పుడు "నూక"లోనూ "దానికి"లోనూ న, క అనే ముక్కలే వరుసగా మిగులుతాయి. టోకనైజర్‌కు ఇచ్చే కేటగిరీల్లో ఆ రెండు వర్గాలను కూడా చేర్చి పట్టికను మళ్లీ కట్టండి. "సాఫ్ట్‌వేర్" వంటి మాటల మధ్య కంటికి కనబడకుండా ఉండే నాన్‌జాయినర్‌ను పట్టికలోకి ఎక్కించేటప్పుడూ, వెతికేటప్పుడూ తొలగించండి. లేకపోతే గుమాస్తా అది లేకుండా టైపు చేసిన మాటకు మీ పుట దొరకదు.