చలికాలం ప్రాజెక్ట్: 66 మస్టాంగ్. బ్రేకులు ముందా, కౌల్ ముందా?

నోవై_నాని (నవంబరు 9)
అందరికీ నమస్కారం. మొన్న వేసవిలో 1966 మస్టాంగ్ కూపే కొన్నాను. ఇంజన్ సీ కోడ్ 289 (289 క్యూబిక్ అంగుళాల వీ8), ఆటోమేటిక్. మాది మిషిగన్, కాబట్టి రోడ్ల మీద ఉప్పు పడకముందే గరాజ్‌లో పెట్టేశాను. ఏప్రిల్ వానలకి ఆ ఉప్పంతా కొట్టుకుపోయేదాకా బయటికి తీయను. ఈలోపు రెండు పనులు అనుకుంటున్నాను. ఒకటి, నాలుగు చక్రాలకీ డ్రమ్ములే ఉన్నాయి, ముందువాటికి డిస్క్‌లు వేయాలి. రెండు, వాన పడితే ప్యాసింజర్ కాళ్ళ దగ్గర కార్పెట్ తడుస్తోంది. అమ్మినాయన విండ్‌షీల్డ్ రబ్బరు పాతబడిందన్నాడు. రబ్బరు మార్చాను, తడి ఆగలేదు. ఇప్పుడు అందరూ కౌల్ (విండ్‌షీల్డ్ కింద, వైపర్ల దగ్గర ఉండే రేకు పెట్టె) అంటున్నారు. బడ్జెట్ 3,000 డాలర్లు. వెల్డింగ్ అంటారా, సాయంత్రం క్లాసుల్లో నేర్చుకున్నదే. ఏది ముందు మొదలుపెట్టమంటారు? కౌల్ పని ఇంట్లో అవుతుందా?
అన్నట్టు, చలికాలమంతా బండిని వారం వారం స్టార్ట్ చేస్తూ ఉండాలా?

జీటీఓ_పంతులు (నవంబరు 9)
శుభం. కానీ ఈ విభాగం పేరు మజిల్ కార్లు. మస్టాంగ్ మజిల్ కారు కాదు నాయనా, పోనీ కారు, అంటే చిన్న స్పోర్టీ బండి. మధ్యరకం బాడీలో పెద్ద కారు ఇంజన్ పెడితే అది మజిల్ కారు. 1964లో పాంటియాక్ వాళ్ళు టెంపెస్ట్‌లో 389 పెట్టి జీటీఓ చేశారు. ఆ సైజు కార్లలో ఇంజన్ 330 క్యూబిక్ అంగుళాలు దాటకూడదని పాంటియాక్ యజమాని జీఎమ్ సొంత నియమం. కొత్త మోడల్ అంటే పైవాళ్ళు ఒప్పుకోరని ఆప్షన్ ప్యాకేజీ పేరుతో దాటించేశారు. మా ఇంట్లో ఉన్నది 66 జీటీఓ. వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) అసలు జీటీఓలకుండే 242తోనే మొదలవుతుంది, అనుమానం ఉన్నవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు.

ఆటోనగర్_శీను (నవంబరు 9)
పంతులుగారు మళ్ళీ మొదలెట్టారు 😀
నాని బ్రదర్, వారం వారం స్టార్ట్ చెయ్యాలా అంటే, కచ్చితంగా చెయ్యాలి. నా 70 షెవర్లే చెవెల్‌ని ప్రతి ఆదివారం పొద్దున్నే పది నిమిషాలు ఆన్ చేసి ఉంచుతా. పిల్లలు కూడా లేచి వచ్చేస్తారు ఆ సౌండ్‌కి. ఎనిమిదేళ్ళ నుంచి ఇదే పద్ధతి. ఇంజన్ మనిషి లాంటిది, కదలకపోతే పట్టేస్తుంది. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు లేత్ పని చేశాడు, ఈ మాట ఆయనదే.

ఇంజన్_డాక్టర్ (నవంబరు 10)
పై సలహా పాటించవద్దు. నేను 22 ఏళ్ళుగా పవర్‌ట్రెయిన్ టెస్టింగ్‌లో ఉన్నాను, కాబట్టి కాస్త అధికారంతోనే చెబుతున్నాను. ఒక గ్యాలన్ గ్యాస్ (పెట్రోలు) కాలితే దాదాపు గ్యాలన్ నీళ్ళు పుడతాయి. పది నిమిషాలు బండి కదలకుండా ఐడిల్‌లో ఉంచితే ఎగ్జాస్ట్ ఆ నీటిని ఆవిరిగా బయటికి తోసేంత వేడెక్కదు. నీళ్ళు మఫ్లర్‌లో మిగిలిపోతాయి, కొంత క్రాంక్‌కేస్‌లోకి దిగి ఆయిల్‌లో కలుస్తాయి. గేజ్‌లో కూలెంట్ వేడి కనబడింది కదా అని ఆయిల్ కూడా వేడెక్కిందనుకోవద్దు, దానికి ఇంకా చాలాసేపు పడుతుంది, అదీ బండి రోడ్డు మీద నడిస్తేనే. పైగా చెవెల్‌లో ఉన్నది ఫ్లాట్ టాపెట్ క్యామ్. క్యామ్ అంటే వాల్వ్‌లు తెరిచే షాఫ్ట్, దాని ఉబ్బులే (లోబ్‌లు) టాపెట్ల మీద రాసుకుంటూ తిరుగుతాయి. లోబ్‌ల మీద ఆయిల్ పడేది క్రాంక్ తిరిగినప్పుడు చిందితేనే, ఐడిల్‌లో ఆ చిందడం తక్కువ. మీరు ఎనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం క్యామ్‌ని అరగదీస్తున్నారు.

ఆటోనగర్_శీను (నవంబరు 10)
అరిగితే శబ్దం రాదా సార్? నా చెవులకి వినబడదా? మా నాన్న బానెట్ ఎత్తకుండానే, బండి సందు మలుపు తిరుగుతుంటే ఏ వాల్వ్ వదులయిందో చెప్పేసేవాడు. మీ డైనో (ఇంజన్ని పరీక్షించే మెషిన్) ఏం చెబుతుందో నాకు తెలీదు.

ఇంజన్_డాక్టర్ (నవంబరు 10)
మీ నాన్నగారి మీద గౌరవం ఉంది. కానీ ఆయన చూసినవి మంచు కురిసే ఊళ్ళో ఆర్నెల్లు పడుకున్న బళ్ళు కావు. విజయవాడలో డిసెంబరంటే మనం స్వెటర్ వేసుకుని ఫొటో దిగే చలి.

ఫ్రిస్కో_ఫణి (నవంబరు 10)
మాకు టెక్సస్‌లో ఈ గొడవే లేదు, డిసెంబర్‌లో కూడా బండి తీస్తాం... అని నేనూ అనుకున్నా, 2021 ఫిబ్రవరి వరకు. ఆ ముందు వేసవిలో రేడియేటర్ లీకయితే ఇంటి దగ్గర అలవాటు ప్రకారం బిందెడు మంచినీళ్ళు పోసి ఊరుకున్నా. యాంటీఫ్రీజ్ కలపాలని బుర్రలో లేదు. ఆ వారం కరెంటు కూడా పోయింది, గరాజ్ ఫ్రిజ్‌లా తయారైంది. మంచు కరిగాక చూస్తే నా 67 మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్ కింద మడుగు. బ్లాక్ పక్కన ఉండే బిళ్ళలు రెండు బయటికి తన్నుకొచ్చాయి, బ్లాక్ పగులు కూడా ఇచ్చింది. సగం సగం కలిపి ఉంటే సున్నాకి కింద 34 ఫారెన్‌హీట్ దాకా ఏమీ అయ్యేది కాదు.
దానివల్ల ఒక మేలు జరిగింది. ఆ ఇంజన్ పీకేసి కొయోటీ (ఫోర్డ్ వాళ్ళ కొత్త తరం వీ8) పెట్టా. తాళం తిప్పితే చాలు, ఏ చలిలోనైనా లేస్తుంది. నాని, 289ని పట్టుకుని వేలాడకు.

జీటీఓ_పంతులు (నవంబరు 10)
కొయోటీ పట్టడానికి షాక్ టవర్లు (ఇంజన్‌కి రెండు పక్కలా ముందు సస్పెన్షన్‌ని పట్టుకునే రేకు గోడలు) కోశారా లేదా? అది చెప్పండి ముందు.

ఫ్రిస్కో_ఫణి (నవంబరు 10)
కోశా. హెడ్లు ఎంత వెడల్పో చూశారుగా, కొయ్యక ఎలా పడుతుంది?

జీటీఓ_పంతులు (నవంబరు 11)
67 ఫాస్ట్‌బ్యాక్ టవర్లు కోసి కొత్త ఇంజన్ పెట్టడమంటే తాతగారి పంచె చింపి కర్టెన్లు కుట్టించుకోవడమే. 67 నుంచి ఫోర్డ్ కార్లకి మార్టీ రిపోర్ట్ వస్తుంది, ఫ్యాక్టరీ నుంచి ఏయే ఆప్షన్లతో బయటికొచ్చిందో తెలిసిపోతుంది. తెప్పించి చూశారా కోసేముందు?

ఫ్రిస్కో_ఫణి (నవంబరు 11)
చూశా. మూడు స్పీడ్ల మాన్యువల్, రేడియో లేదు, ఏసీ లేదు. టెక్సస్‌లో ఏసీ లేని నల్ల సీట్ల కారు మీకు కావాలంటే ఇస్తా, వచ్చి తోలుకోండి.

నోవై_నాని (నవంబరు 11)
అందరికీ థాంక్స్. కౌల్ గురించి ఎవరైనా...?

హేమ_ఒహాయో (నవంబరు 12)
నాని గారూ, నేను 65 కూపేకి కౌల్ చేశాను, రెండు చలికాలాలు పట్టింది. ముందు బాగు చెయ్యడం కాదు, చూడటం. వైపర్ల దగ్గర గ్రిల్ చిల్లుల్లోంచి వాన నీళ్ళు ఒక పెట్టెలోకి దిగుతాయి, రెండు పక్కల నుంచి ఫెండర్ల వెనకగా బయటికి పోవాలి. ఆ పెట్టె లోపల గాలి కోసం రెండు కన్నాలుంటాయి, చుట్టూ టోపీ అంచులా గోడ లేచి ఉంటుంది. ఆకులు పడి కుళ్ళి, ఆ గోడ మొదట్లో తుప్పు తినేస్తుంది. బయట రంగు అద్దంలా మెరుస్తుంటుంది, పైన పటారం లోన లొటారం.
డాష్ కింద తల పెట్టి టార్చి వేసి పడుకోండి. ఇంకొకరిని కుడి వైపు గ్రిల్‌లో చెంబుతో నెమ్మదిగా నీళ్ళు పొయ్యమనండి. హీటర్ డబ్బా పక్క నుంచి మొహం మీద పడితే సమాధానం దొరికినట్టే. మా ఆయన చెంబు కాదని పైపు పెట్టాడు, నాకు స్నానమయింది.
ప్లాస్టిక్ టోపీలు తెచ్చి సీలెంట్‌తో అతికించే కిట్లు దొరుకుతాయి. నేనూ మొదట అదే చేశా. ఒక వేసవి ఆగింది. తుప్పుకి సీలెంట్ అంటుకుని ఎంతకాలం నిలబడుతుంది?

కొత్తబండి_కావాలి (నవంబరు 12)
హాయ్, ఇక్కడ అడగొచ్చో లేదో. మా తాతగారి అంబాసిడర్ ఇండియాలో ఉంది, 1984ది. అమెరికా తెప్పించుకోవచ్చా?

ఇంజన్_డాక్టర్ (నవంబరు 12)
25 ఏళ్ళు దాటిన కారుకి ఇక్కడి భద్రతా నియమాల మినహాయింపు ఉంది. తెప్పించుకోవచ్చు. వేరే థ్రెడ్ పెట్టండి.
హేమ గారూ, మీ అనుభవం బాగుంది. శీను గారికి జవాబు ఇంకా బాకీ ఉంది. మీరు మఫ్లర్ ఎన్నిసార్లు మార్చారు ఈ ఎనిమిదేళ్ళలో?

ఆటోనగర్_శీను (నవంబరు 12)
రెండుసార్లు. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

ఇంజన్_డాక్టర్ (నవంబరు 12)
😀

ఆటోనగర్_శీను (నవంబరు 12)
నవ్వండి. ల్యాబ్‌లో ఏసీలో కూర్చుని బటన్ నొక్కేవాళ్ళకి చేతులకి గ్రీజు అంటితే డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. నా ఇంజన్ నేనే విప్పా, నేనే బిగించా. కొత్త క్యామ్ వేసినప్పుడు ఇరవై నిమిషాలు 2,000 ఆర్‌పీఎమ్ పైన పట్టుకుని, జింక్ ఉన్న ఆయిల్ పోసి బ్రేకిన్ చేశా, అంటే కొత్త భాగాలు ఒకదానికొకటి కుదురుకునేలా తిప్పా. మీరు సొంతంగా ఎన్ని ఇంజన్లు కట్టారో చెప్పండి సార్. సొంతంగా.

ఇంజన్_డాక్టర్ (నవంబరు 13)
వ్యక్తిగతంగా వెళ్తున్నారు. బ్రేకిన్‌లో 2,000 పైన ఎందుకు పట్టుకున్నారు? ఐడిల్‌లో క్యామ్‌కి ఆయిల్ చాలదనే కదా. మీ జవాబు మీరే రాశారు.

మోడరేటర్ (నవంబరు 13)
ఇద్దరూ ఆగండి. నాన్నల్నీ ఉద్యోగాల్నీ వదిలేసి బళ్ళ గురించి రాయండి.

జీటీఓ_పంతులు (నవంబరు 14)
ఎలుకల మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఎగ్జాస్ట్ గొట్టాల్లో స్టీల్ ఊల్ కుక్కుతాను. ఒక ఏడు తియ్యడం మర్చిపోయి స్టార్ట్ చేస్తే పక్కింటి గ్యారేజ్ తలుపు దాకా ఎగిరింది. అయినా ఎయిర్ క్లీనర్‌లో గూడు కట్టింది దొంగ ముండ, మా అమ్మాయి పెళ్ళి శుభలేఖలు చించి పరుపు వేసుకుంది.

హేమ_ఒహాయో (నవంబరు 14)
పంతులుగారూ, మీరు జీటీఓ తప్ప ఏది రాసినా చదవబుద్ధేస్తుంది.
నాని గారూ, బ్రేకుల మాట. 66 అంటే మాస్టర్ సిలిండర్‌లో ఒకే గది. ఎక్కడ ఒక్క గొట్టం చిల్లు పడినా నాలుగు చక్రాలకీ బ్రేక్ పోతుంది. 67 నుంచి రెండు గదులవి వచ్చాయి. నాకు ఎగ్జిట్ ర్యాంప్ మీద పెడల్ ఒక్కసారిగా నేలకి తగిలింది. వెనక యాక్సిల్ మీద గొట్టం తుప్పు పట్టి పగిలింది. హ్యాండ్ బ్రేక్‌తో ఆపా, పక్క సీట్లో మా అత్తగారు. ఆవిడ ఇప్పటికీ ఆ కారెక్కరు. డిస్క్‌లకి డబ్బు చాలకపోతే చాలకపోనివ్వండి, రెండు గదుల సిలిండరూ కొత్త గొట్టాలూ మాత్రం ఈ చలికాలమే వెయ్యండి.
ఒక జాగ్రత్త. డ్రమ్ముల సిలిండర్‌కి డిస్క్‌లు తగిలించకండి. డ్రమ్ముల కోసం లైన్‌లో కొంచెం ప్రెషర్ ఎప్పుడూ ఆపి ఉంచే వాల్వ్ దాంట్లో ఉంటుంది, దానివల్ల డిస్క్ ప్యాడ్లు వదలకుండా రాసుకుంటూనే ఉంటాయి.

ఆటోనగర్_శీను (నవంబరు 15)
హేమగారు చెప్పింది కరెక్ట్. నాని, వెల్డింగ్ చేసేటప్పుడు చలి అనుకుంటే కిరోసిన్ హీటర్ పెట్టుకో, బాగా కాస్తుంది.

ఇంజన్_డాక్టర్ (నవంబరు 15)
కిరోసిన్ హీటర్ వద్దు. కాలిన కిరోసిన్ కూడా నీళ్ళే వదులుతుంది, అప్పుడే సాన పట్టిన రేకు మీద తెల్లారేసరికి ఎర్రటి పొర వస్తుంది. తలుపులు మూసిన గరాజ్‌లో కార్బన్ మోనాక్సైడ్ కూడా. ఎలక్ట్రిక్ హీటర్, ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి.

ఆటోనగర్_శీను (నవంబరు 15)
ఈయనకి ప్రతిదాంట్లో నీళ్ళే కనబడతాయి.
...అలారం మాట మాత్రం ఒప్పుకుంటా.

నోవై_నాని (మార్చి 22)
ఇన్నాళ్ళు రాయలేదు, సారీ. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో చెంబు టెస్ట్ చేశాం. మా ఆవిడ పోసింది, నేను డాష్ కింద. మొదట ఏమీ రాలేదు. ఐదారు సెకన్లయ్యాక లోపలెక్కడో చిన్న పిల్లి నీళ్ళు తాగుతున్నట్టు శబ్దం, తర్వాత చెవిలో పడింది. నల్లగా, టీ డికాక్షన్ రంగులో.
ఫెండర్లు, విండ్‌షీల్డ్ తీసి పై రేకు ఊడదీశా. వంద పైచిలుకు స్పాట్ వెల్డ్‌లు, ఒక్కొక్కటీ డ్రిల్ చేశా. మూడు కట్టర్లు విరిగాయి. లోపల పైన్ ఆకులు, మట్టి, అక్రోటు పెంకులు అన్నీ కలిపి రెండు బక్కెట్లు. ఎడమ టోపీ బాగానే ఉంది అనుకుని వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. కింద రేకు మొత్తం కొత్తది వేశా, ప్రైమరూ సీమ్ సీలరూ అయింది. నా వెల్డ్‌లు చూస్తే మా టీచర్ ఏడుస్తాడు గానీ చుక్క కారట్లేదు, మూడుసార్లు పోసి చూశా.
రెండు గదుల సిలిండర్, కొత్త గొట్టాలు వేశా. డిస్క్‌లకి డబ్బు మిగల్లేదు, డ్రమ్ములతోనే ఈ వేసవి.

హేమ_ఒహాయో (మార్చి 22)
ఫొటోలు పెట్టండి! విండ్‌షీల్డ్ పగలకుండా వచ్చిందా?

నోవై_నాని (మార్చి 22)
తీసేటప్పుడు పగల్లేదండీ. పెట్టేటప్పుడు పగిలింది.

ఆటోనగర్_శీను (మార్చి 23)
అదంతా సరే గానీ నాని, చలికాలమంతా వారం వారం స్టార్ట్ చేశావా లేదా? డాక్టర్‌గారూ నేనూ నీ జవాబు కోసమే చూస్తున్నాం.

నోవై_నాని (మార్చి 23)
బ్యాటరీ నవంబర్‌లోనే తీసి బేస్‌మెంట్‌లో పెట్టా అన్నా. ఇప్పుడు ఎక్కడుందో వెతుకుతున్నా.