అదే అన్నానికి ఒక్కోనాడు ఒక్కో రీడింగ్ ఎందుకు వస్తోంది?

సంధ్య:
తూచి వండుకున్న అదే అన్నానికి, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు, నాకు ఒకనాడు 150, మరొకనాడు 200 పైన షుగర్ రీడింగ్ వస్తోంది. మందు మారలేదు, భోజన వేళా మారలేదు. ఎన్ని గ్రాముల పిండి పదార్థం తిన్నామన్నదే షుగరును నిర్ణయించేదైతే ఇంత తేడా రాకూడదు కదా. టైప్ 2 మధుమేహం ఉన్న మిగతావారికి ఇలాంటి అనుభవం ఉంటే, కారణం ఏమని తేలిందో తెలుపగలరు.

మూర్తి:
ముందుగా మీటరు సంగతి చూడాలి. మీటర్లకు 2013 నాటి ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం 100, ఆపై రీడింగులకు 15 శాతం వరకు అటూ ఇటూ తేడాను అంగీకరిస్తుంది. కాబట్టి రక్తంలో నిజంగా 170 ఉన్నప్పుడు మీటరు 145 చూపినా, 195 చూపినా అది చెడిపోయిందని అనలేము. పండు ఒలిచిన చేతిని కడగకుండా వేలిని గుచ్చితే, చర్మానికి అంటిన చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే ఒక్క సంఖ్యను పట్టుకుని నేను ఏ పదార్థానికీ తీర్పు చెప్పను. అదే భోజనాన్ని వేరువేరు రోజుల్లో తిని, తినే ముందు ఒకసారి, మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి చూసి, ఆ రెండింటి మధ్య పెరుగుదలనే పోల్చుకుంటాను. తినే ముందే షుగర్ ఎక్కువగా ఉన్న రోజున తర్వాతి సంఖ్యకు అన్నాన్ని నిందించడం న్యాయం కాదు.

రమణి:
మూర్తి గారు చెప్పింది నిజమే గాని, తేడా అంతా మీటరుదే కాకపోవచ్చు. మెత్తగా ఉడికిన గింజలో పిండి రేణువులు ఉబ్బి, జీర్ణరసాలకు సులువుగా లొంగుతాయి. వండిన అన్నమో బంగాళాదుంపో చల్లారినప్పుడు అందులో కొంత పిండి మళ్లీ బిగుసుకుని చిన్న పేగులో అరగని రూపానికి మారుతుంది. అయితే ఆ భాగం కొద్దిపాటిదే గనుక, చల్లారిన అన్నం ఎంతైనా తినవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు. బియ్యం రకం కూడా ముఖ్యమే: అమైలోజ్ అనే ఒక రకం పిండి ఎక్కువగా ఉన్నది నెమ్మదిగా అరుగుతుంది, అంటుకునే రకం త్వరగా అరుగుతుంది. నాకు అన్నిటికంటే పనికొచ్చింది తినే వరుసను మార్చడం. కూరగాయలు, పప్పు లేదా గుడ్డు ముందుగా తిని అన్నాన్ని చివరకు ఉంచుకుంటే, అదే పళ్లేనికి పెరుగుదల తక్కువగా కనిపిస్తోంది.

భాస్కర్:
నేను అన్నం, బ్రెడ్ పూర్తిగా మానేశాను, రీడింగులు దిగాయి. ఏ ఆహారం రక్తంలో షుగరును ఎంత పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచికలో 70 దాటినవన్నీ పక్కన పెడితే సరిపోయేదానికి ఇంత విచారణ అవసరమా?

మూర్తి:
భాస్కర్ గారూ, ఆ సూచికను 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం రూపొందించింది. అందులో పదార్థాలను పోల్చేది సాధారణంగా 50 గ్రాముల పిండి పదార్థం లభించే మోతాదులో. మన పళ్లెంలో పడే మోతాదులో కాదు. పుచ్చకాయ సూచిక 70 పైన ఉండవచ్చు, కానీ అందులో ఎక్కువ భాగం నీరే కావడంతో ఒక ముక్కలో చేరే చక్కెర తక్కువ. మరోవైపు ‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్‌లో చక్కెర లేకపోయినా పిండి ఉంటుంది, అది గ్లూకోజుగానే మారుతుంది.

నళిని (ఫార్మసిస్ట్):
భాస్కర్ గారి పద్ధతి ఆయనకు సరిపడి ఉండవచ్చు, కానీ దీనిని చదివి ఎవరూ రేపటి నుంచి అన్నం ఆపేయకూడదు. ఇన్సులిన్ లేదా దాని విడుదలను పెంచే గ్లిమిపిరైడ్ వంటి మందు వాడేవారు మోతాదు తగ్గించకుండా పిండి పదార్థాన్ని మాత్రమే ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. షుగరును మూత్రంలోకి పంపే ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడేవారికి ఉన్న ప్రమాదం వేరు: షుగర్ అంతగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్ల పదార్థాలు) పేరుకుని ప్రాణాపాయం కలగవచ్చు. ఈ మార్పు డాక్టరుతో మాట్లాడాకే చేయాలి.

సంధ్య:
అందరికీ కృతజ్ఞతలు. రీడింగులు రాసుకునే నా పుస్తకం తిరగేస్తే, 200 దాటిన రోజుల్లో అన్నం మెత్తగా ఉండి, పక్కన కూర కొద్దిగానే ఉంది, తిన్న వెంటనే కూర్చునే పని ఉంది. 150 వచ్చిన రోజుల్లో పప్పు, కూర ఎక్కువ, తర్వాత నడక. ఒక్కటి మాత్రం అర్థం కాలేదు: నూనె ఎక్కువైన భోజనానికి రెండు గంటలకు బాగానే ఉండి, నాలుగు గంటలకు పెరుగుతోంది.

రమణి:
కొవ్వు కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తుంది కాబట్టి పిండి పదార్థం పేగుకు నిదానంగా చేరి, షుగర్ ఆలస్యంగా పెరుగుతుంది. అలాంటి భోజనానికి రెండు గంటల రీడింగ్ ఒక్కటే చూస్తే మంచి ఆహారమన్న భ్రమ కలుగుతుంది. ఇక నడక విషయానికి వస్తే, కదిలే కండరం ఇన్సులిన్ ప్రమేయం అంతగా లేకుండానే గ్లూకోజును లాగుకోగలదు.

భాస్కర్:
నళిని గారూ, నేను గ్లిమిపిరైడ్‌తో పాటు అకార్బోజ్ కూడా వాడుతున్నాను. షుగర్ పడిపోతే పంచదార నీళ్లు తాగవచ్చా?

నళిని (ఫార్మసిస్ట్):
వద్దు. అకార్బోజ్ పంచదారను విడగొట్టే ఎంజైమునే అడ్డుకుంటుంది కాబట్టి ఆ నీళ్లు అవసరమైనంత వేగంగా పనిచేయవు. 15 గ్రాముల గ్లూకోజు బిళ్లలు లేదా గ్లూకోజు పొడి తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. అప్పటికీ 70 లోపే ఉంటే మరో 15 గ్రాములు తీసుకోవాలి. మీ డాక్టరుకు అన్నం మానేసిన సంగతి ఈ వారంలోనే చెప్పండి.