వైన్ పెయిరింగ్‌కి మన మాట ఏంది? నంజుకోడం అనొచ్చునా?

అందరికీ నమస్కారం. చిత్తూరు నుంచి రాస్తా ఉండాను. ఒక్క మాట కోసం నాలుగు రోజులుగా తిప్పలు పడతా ఉండా, మీరే దారి చూపించాల.

మా చెల్లెలి మొగుడు నంది కొండల కింద ఒక వైన్ తోటలో వంట చేస్తాడు. ఒక కుటుంబం వాళ్ళ తోట అది, పెట్టి 25 ఏండ్లు అయిందని వచ్చే శనివారం రాత్రి విందు పెట్టుకున్నారు. ఒక్కో వంటకానికి సరిపడే వైన్ ఒక్కోటి ఎంచి పక్కన పోస్తారంట, దాన్నే పెయిరింగ్ అంటారు. ఆ తోటలో పని చేసే ఆడోళ్ళు చానామంది తెలుగోళ్ళే, చిక్కబళ్ళాపురం, కోలారు పక్క తెలుగు ఎంత ఉండాదో మీకు తెలిసిందే గదా, సెప్టెంబరు అక్టోబరులో కొమ్మ కత్తిరించేది వాళ్ళే, జనవరి నుంచి మార్చి దాకా గుత్తులు కోసేదీ వాళ్ళే. ఈసారి వాళ్ళని గూడా బంతిలో కూర్చోబెడతా ఉండారు, అందుకని మెనూ కార్డు తెలుగులో గూడా కావాలని ఆ ఇంటి పెద్దామె అడిగిందంట. ఆ పని నాకొచ్చింది. ఇన్నేండ్లు ఆ ద్రాక్షని చేత్తో పెంచినోళ్ళు చదివే కార్డు, అందులో మాట వాళ్ళ ఇంట్లో మాటలా ఉండాలని నా ఆశ.

మొదట 'జతకూర్పు' అని రాసినా, ఆఫీసు బోర్డు మాదిరి ఉండాది, కొట్టేసినా. తరవాత 'మేళవింపు' అనుకున్నా, వినేదానికి బాగుండాది. కానీ పోతన పద్యం గుర్తుకొచ్చింది, దశమ స్కంధంలో కృష్ణుడు గోపబాలురతో చల్దులు తినే సీసం:

మీఁగడ పెరుగుతో మేళవించిన చలిముద్ద డాపలి చేత మొనయ నునిచి
చెలరేఁగి కొసరి తెచ్చిన యూరుఁగాయలు వ్రేళ్ళ సందులయందు వెలయ నిఱికి

చూడండి, పెరుగూ అన్నమూ 'మేళవించిన' ముద్ద, అంటే కలిసిపోయి ఒకటైపోయినాయి. ఊరగాయ మాత్రం కలవలా, వేళ్ళ సందుల్లో విడిగా ఉండాది, ముద్దకీ ముద్దకీ నడాన కొంచెం కొరుక్కునేదానికి. వైన్ పెయిరింగ్ ఈ రెండో రకమే గదా! వైన్‌ని కూరలో కలపరు. ఒక ముక్క నమిలి ఒక గుక్క తాగతారు, మళ్ళా ముక్క, మళ్ళా గుక్క. దానికి మన మాట నంజుకోడం. మా అవ్వ రాగిసంగటి ముద్ద తుంచి, బొటనవేలితో నడాన గుంట నొక్కి, చెనక్కాయల ఊరిబిండికి ఆ గుంట అంచు తాకించి మింగేది. చెయ్యంతా ఊరిబిండి పూసుకుంటే 'పిసుక్కోవద్దుమే, నంజుకో' అని నన్ను గద్దించేది. కలపడం వేరు, నంజుకోడం వేరు అని నాకు తెలిసింది అప్పుడే.

మరిది చెప్పిన సంగతి గూడా దీనికి అచ్చంగా సరిపోయింది. ఎర్ర వైన్‌కి ద్రాక్ష తొక్కలతో గింజలతోనే పులియబెడతారు, ఆ వగరంతా వాటిలోంచే దిగతాది, మామిడి పిందె కొరికితే నాలిక పట్టేసినట్టు ఉంటాది చూడండి, అదే. కొవ్వున్న పొట్టేలు మాంసం తిని ఒక గుక్క తాగితే ఆ వగరు మెత్తబడతాది. కారం ఎక్కువున్న వంటకి మాత్రం ఘాటు వైన్ పెట్టగూడదంట, మంట ఇంకా రేగతాది, కొంచెం తీపి ఉన్న చెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ అయితే కారాన్ని అణుస్తాది. అంటే దేని రుచి దానికే ఉండి, ఒకదాన్నొకటి సరిదిద్దుకుంటాయి. సంగటికీ ఊరిబిండికీ ఉండేది ఇదే సంబంధం.

అందుకని కార్డు పైన 'నంజుకునే విందు' అని పెట్టాలనుకుంటా ఉండా. ఏమంటారు?

నగరి అక్క:
చెల్లీ, మాట బాగుండాది గానీ కార్డు మీద వద్దు. మా పక్క సగం అరవం, నంజు అంటే విషం. విందు కార్డు మీద ఆ అక్షరాలు చూస్తేనే మా అత్తకి గుండె జల్లుమంటాది. కన్నడంలో గూడా అంతే గదా, నంజనగూడులో ఉండే నంజుండేశ్వరుడు అంటే విషం మింగిన శివుడే. మేము ఇంట్లో 'తొట్టుక్క ఏముందీ' అంటాం, అంటే తాకించుకునేదానికి అని.

కుప్పం మాస్టారు:
అమ్మా, ఆమె చెప్పింది నిజమే. తెలుగు నిఘంటువుల్లో గూడా నంజు అంటే విషం అని ఒక అర్థం ఉంది, అది నామవాచకం. నంజుకొను క్రియ వేరే. నంజుడు అంటే పాత కావ్యాల్లో మాంసం. ఇంక సంస్కృతంలోకి పోతే మీకు కావాల్సిన మాట ఎప్పుడో ఉంది. అమరకోశంలో మదిర పేర్లు వరసగా చెప్పి వెంటనే 'అవదంశస్తు భక్షణం' అన్నాడు, అంటే కల్లు తాగతా నంజుకునే తిండికి ప్రత్యేకంగా ఒక పేరు. దంశం అంటే కొరకడం. ఉపదంశం అనీ అంటారు, కానీ అది పొరపాటున గూడా రాయొద్దు, వైద్యగ్రంథాల్లో అది ఒక సుఖవ్యాధి పేరు. అవదంశం అయితే తప్పు లేదు, అయితే ఆ తోటలో ఆడవాళ్ళకి అది అర్థం కాదు, కాబట్టి నేను గూడా పట్టుబట్టను.

పలమనేరు తమ్ముడు:
అక్కా, పేరు కోసం ఎందుకంత దూరం పోతారు? ఇంట్లో మనం పెయిరింగ్‌ని పేరుతో చెప్పం, 'లోకి' అంటాం. సంగటిలోకి ఏముండాది? దోసెలోకి ఎర్రకారం. పప్పులోకి వడియాలు. తాగేవాళ్ళు గూడా 'మందులోకి ఏం తెచ్చినావురా' అనే అడగతారు. ఆ రెండక్షరాలు చాలు.

తమ్ముడూ, నీ మాట చదివి కాసేపు అట్లే కూర్చుండిపోయినా. పొద్దున లేచిన కాడి నుంచి రోజుకి పదిసార్లు అనే మాట, దాన్ని మాట అని గూడా అనుకోలేదు, ప్రత్యయమని వదిలేసినా. పైగా దీంట్లో ఇంకొకటి ఉండాది, ఏది ముఖ్యం ఏది పక్కది అనేది గూడా అదే చెప్పేస్తాది. 'అన్నంలోకి కూర' అంటే కడుపు నింపేది అన్నం. 'మందులోకి చికెన్' అంటే ఆ పొద్దుకి మందే ముఖ్యం. వైన్ తోట పండగ కాబట్టి లోకి వైన్ పక్కనే చేరాల. మరిదికి ఫోన్ చేసి అడిగినా, ఈ విందుకి వాళ్ళు ముందు వైన్ ఎంచి దాని కోసమే వంట చేస్తా ఉండారంట, కాబట్టి సరిపోయింది.

నగరి అక్కా, కార్డు పైన నంజు తీసేసినా, వట్టిగా 'ఇరవై అయిదేండ్ల విందు' అని పెట్టినా. కింద ఇట్లా రాసినా (మొదటి రెండూ తెల్ల వైన్లు, షిరాజ్ ఎర్రది):

సొవిన్యాన్ బ్లాంక్‌లోకి చింతచిగురు చేపలు
చెనిన్ బ్లాంక్‌లోకి ఊరిబిండి, సంగటి
షిరాజ్‌లోకి పొట్టేలు మాంసం వేపుడు

రాత్రి మరిది దాన్ని తోటలో ఒకామెకి చదివి వినిపించినాడంట. ఆమె ఒక్క తావ కూడా ఆగి అర్థం అడగలేదంట, 'సంగటి ఉండాదా, అయితే వస్తాంలే' అనిందంట.

చివర ఒక్కటి మిగిలింది, ఓళిగలు, అదే బొబ్బట్లు. ఆలస్యంగా కోసి, పండు బాగా మాగినాక చేసే తీపి వైన్ ఒకటి దాంతో ఇస్తారంట. మాస్టారూ, అక్కడ మాత్రం 'ఓళిగలోకి తీపి వైన్' అని తిప్పి రాసినా. ఓళిగలోకి మనం నెయ్యి పోసుకుంటాం, పాలు పోసుకుంటాం, ఓళిగని ఇంకొకదాంట్లోకి తినే అలవాటు మన పక్క యాడా లేదు గదా. వైన్ చేసినోళ్ళు ఏమనుకుంటారో తెలీదు, మరిది మాత్రం అట్లే ఉండనీ వదినా అన్నాడు.