సర్కారు బడుల్లో జట్టు ప్రాజెక్టులు: నేర్చుకుంటున్నది ఎవరు?

పాలమూరు పంతులు: వచ్చే 5 ఏళ్లలో ప్రభుత్వ బడుల్లో 50,000 అటల్ టింకరింగ్ ల్యాబులు (పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేస్తూ నేర్చుకునే ప్రయోగశాలలు) నెలకొల్పుతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఇంట్లో కంప్యూటరే లేని పిల్లలు నలుగురైదుగురు కలిసి ఆర్డుయినో బోర్డుకు (ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) తేమ సెన్సారు బిగించి, కుండీలో మట్టి ఎండగానే పంపు దానంతటదే తిరిగేలా చేస్తే, ఆ ఒక్క పనితో అబ్బే విద్య ఏడాది పాఠాలతో అబ్బదని నా అభిప్రాయం.

నిష్ఠూరం: ఈ పథకం 2016 నుంచే ఉంది, బడికి 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇస్తారు. మా మండలంలోని ఒక బడిలో, పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో త్రీడీ ప్రింటరును బీరువాలో పెట్టి తాళం వేశారు. ముందు ఆ తాళం సంగతి చెప్పండి.

పాలమూరు పంతులు: నేను మాట్లాడుతున్నది బోధన గురించి. ప్రింటరు లేకపోయినా ప్రాజెక్టు ఆగదు.

నిష్ఠూరం: ఆగనప్పుడు దాన్ని కొన్నదెందుకు?

రేవతి: తాళం తీసినంత మాత్రాన సరిపోదు. మా అమ్మాయి జట్టులో బోర్డూ ల్యాప్‌టాపూ ఇద్దరు మగపిల్లల చేతుల్లోనే ఉండేవి, ఈమెకు చార్టుకు రంగులు వేసే పని అప్పగించారు. ప్రదర్శనలో బహుమతి వచ్చింది, అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. ఎల్‌ఈడీకి రెసిస్టరు ఎందుకు పెడతారో మాత్రం ఆమెకు ఈనాటికీ తెలియదు.

ఓరుగల్లు: నేనూ చార్టు జట్టువాణ్నే.

పాలమూరు పంతులు: వారం వారం పనులు మార్చని ఉపాధ్యాయుడిది ఆ తప్పు, పద్ధతిది కాదు.

నిష్ఠూరం: పంతులుగారూ, మీ అబ్బాయి ఏ బడిలో చదువుతున్నాడు?

పాలమూరు పంతులు: ప్రైవేటు బడిలో. ఇక్కడ అది అప్రస్తుతం.

నిష్ఠూరం: అసలు విషయమే అది! మీవాడి ప్రాజెక్టు చెడినా వెనక కోచింగు ఉంటుంది. మా పిల్లలకు బాసర ట్రిపుల్ ఐటీలో సీటు రావాలంటే పదో తరగతి మార్కులే ఆధారం, ఆ మార్కుల్లో మీ పంపుకు చోటు లేదు. లెక్కల పీరియడు తీసి ప్రాజెక్టుకు ఇస్తే నష్టపోయేది ఎవరు?

పాలమూరు పంతులు: అంటే డబ్బున్న పిల్లలు రోబోలు చేసుకోవాలి, లేనివాళ్లు గైడు బట్టీ పట్టాలి, అంతేనా? ఈ విభజనను నేను ఒప్పుకోను.

రేవతి: బట్టీ పట్టమని ఎవరూ అనలేదు. పదో తరగతిని వదిలేసి ఎనిమిది, తొమ్మిదిలోనే చేయించండి; ప్రదర్శనలు మాని, ఎవరికి వారు సర్క్యూటు విప్పి మళ్లీ కట్టి చూపించాకే సర్టిఫికెట్ ఇవ్వండి.

పాలమూరు పంతులు: ప్రదర్శన లేదంటే చాలామంది ప్రధానోపాధ్యాయులు ల్యాబు తలుపే తెరవరమ్మా.

రేవతి: అయితే ఆ ల్యాబు మా పిల్లల కోసం పెట్టింది కాదు.