బోర్డు ‘లేచింది’ సరే, ‘మూన తిరిగింది’ అనవచ్చా?

కొత్త ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు నమూనా చేతికి రాగానే దానికి మొదటిసారి కరెంటు ఇచ్చి, ఒక్కో భాగం చేతా పని చేయించే దశను మా వృత్తిలో ‘బ్రింగప్’ అంటారు. దీనికి తెలుగు మాట చెప్పమని ఇక్కడ అడిగాను. ఎక్కువమంది మెచ్చింది ‘ప్రాణం పోయడం’. నాకూ మొదట బాగా నచ్చింది. రెండు వారాలు వాడి చూశాక వద్దంటున్నాను.

కారణం ఒక్క అక్షరం. ‘పోయు’ ధాతువు నుంచి ‘పోసిన’ వస్తుంది, ‘పోవు’ నుంచి ‘పోయిన’ వస్తుంది. ప్రాణం పోసిన బోర్డు బతికినది, ప్రాణం పోయిన బోర్డు చచ్చినది. మా బల్ల మీద ఒకే రకం బోర్డులు ఐదు ఉంటాయి, ఒక్కోదానికి చేత్తో రాసిన చీటీ అంటిస్తాం. మూడో బోర్డు చీటీ మీద నేను హడావిడిగా రాసిన ‘సి’ని సహోద్యోగి ‘యి’గా చదివి, దాన్ని తీసుకెళ్లి పాడైనవాటిలో పెట్టాడు. సగం రోజు వెతుక్కున్నాం. పనిచోట వాడే మాటకు ఇంత దగ్గరలో దాని వ్యతిరేకార్థం ఉండకూడదు.

బదులుగా ‘ప్రాణప్రతిష్ఠ’ అందామా అంటే, అది గంభీరమైన మాటే. కానీ అది ముహూర్తానికి జరిగి ముగిసే క్రియ. బోర్డు ఒక్కసారిగా బతకదు. ముందు కరెంటు ఇవ్వకుండానే, ఒక్కో సరఫరా లైనుకూ గ్రౌండుకూ మధ్య నిరోధం మల్టీమీటరుతో కొలుస్తాం. సున్నాకు దగ్గరగా ఉంటే షార్టేమోనని అనుమానించాలి. ప్రాసెసర్ కోర్‌కు, అంటే లెక్కలు చేసే ముఖ్యభాగానికి, కరెంటు ఇచ్చే లైనులో మాత్రం కొద్ది ఓములే ఉండటం సహజం, కొత్తవారు అక్కడ కంగారు పడతారు. తరువాత కరెంటు హద్దు దాటకుండా కట్టడి పెట్టిన సప్లై తగిలిస్తాం. 5 వోల్టులు, 3.3, 1.8 అన్నీ రావలసిన వరుసలో వచ్చాయా, గడియారంలా లయనిచ్చే 32,768 హెర్ట్జ్‌ల క్రిస్టల్ కొట్టుకుంటోందా, ప్రాసెసర్‌ను ఆపి ఉంచే రీసెట్ సంకేతం దాన్ని విడిచిందా అని చూస్తాం. ఇవన్నీ కుదిరితే సీరియల్ కేబులు గుండా తెర మీదికి మొదటి అక్షరాల వరుస వస్తుంది.

ఆ క్షణాన మా గదిలో అందరి నోటా వచ్చే మాట ‘లేచింది!’. ఎవరూ నేర్పలేదు, ఏ పారిభాషిక పదకోశమూ చూడలేదు. వ్యాకరణం కూడా చక్కగా అమరింది: తనంతట తాను వస్తే ‘లేచింది’, మనం తంటాలు పడితే ‘లేపాం’, రాకపోతే ‘లేవలేదు’. మొదటి దశకు ఇదే మాట అని నా అభిప్రాయం.

అయితే లేచినంత మాత్రాన సరిపోదు. మెమరీని రాత్రంతా పరీక్షించాలి. యూఎస్‌బీ, తెర, బ్యాటరీ చార్జింగు, మూత మూస్తే నిద్రపోయి తెరిస్తే మేలుకోవడం, ఒక్కొక్కటే కుదురుకోవాలి. సింగపూర్‌లో ఆండ్రూ హువాంగ్, షాన్ క్రాస్ కలిసి చేసిన నోవెనా ల్యాప్‌టాప్ బోర్డు 2012లోనే లేచింది. తయారీ కోసం జనం నుంచి ముందస్తు డబ్బు సేకరించింది 2014లో. లేవడానికీ, ఇతరుల చేతిలో పెట్టగలమన్న ధీమాకూ మధ్య అంత దూరం ఉంటుంది.

ఈ రెండో దశకే నేను ‘మూన తిరగడం’ అంటున్నాను. నారుమడి నుంచి పీకి నాటిన వరి మొదట వాడి, పసుపెక్కుతుంది. కొద్ది రోజులకు కొత్త వేరు పట్టి పచ్చబడితే ‘నాటు మూన తిరిగింది’ అంటారు. మదర్‌బోర్డూ అంతే. కంప్యూటర్‌లో గీసిన పటంలో ఏపుగా ఉన్నది, నిజమైన రాగి మీదికి రాగానే వాడుతుంది. ఇక్కడ ఒక కెపాసిటర్ మార్చి, అక్కడ సన్నని తీగ అతికించి నిలబెట్టుకుంటాం. ‘మూడో బోర్డు సోమవారం లేచింది, ఇంకా మూన తిరగలేదు’ అని నిన్న చీటీ రాశాను. పల్లె నుంచి వచ్చిన సహోద్యోగికి వివరించనక్కరలేకపోయింది.

సేద్యం తెలిసినవారిని ఒకటి అడగాలి. మీ వైపు మిరప, పొగాకు నాట్లకు కూడా ఈ మాట వాడతారా, వరికేనా? వరి దాటి వాడుకలో ఉంటే బోర్డుకూ ధైర్యంగా వాడతాను.