'ఓవర్‌కోట్' గుమాస్తా చావుకి కారణం ఎవరు, ఆ పెద్ద ఆఫీసరా, హోదాల మెట్లా?

ప్రశ్న:
రష్యన్ రచయిత గొగోల్ 1842 నాటి ఈ కథ చదివినోళ్ళంతా ఆ పెద్ద ఆఫీసర్నే తిడతారు, కొత్త కోటు దొంగలు లాక్కున్నారని మొరపెట్టుకోడానికొచ్చిన గుమాస్తా అకాకీ మీద అరిచి, ఆ దిగులుతోనే జ్వరమొచ్చి పోయేలా చేశాడని. నేనైతే వ్యవస్థదే తప్పంటాను. రష్యాలో పీటర్ చక్రవర్తి 1722లో సర్కారు కొలువుల్ని 14 తరగతులు చేశాడు, అకాకీది 9వది, పైనున్నోడు కిందోడితో మామూలుగా మాట్లాడితే చులకనైపోతానని భయం. ఆఫీసర్ కూడా అందులో ఇరుక్కున్నోడే.

జవాబు:
ఒప్పుకోనండి. సమానులతో ఆయన మంచోడే, ఒక్క మెట్టు కిందోడు ఎదురుగా ఉన్నా నోరు పెగలదు, గొగోలే రాశాడు, సరే. కానీ ఆ రోజు చూడండి, పాత స్నేహితుడొచ్చాడు, కబుర్లన్నీ ఐపోయి ఇద్దరూ చుట్ట కాలుస్తూ ఊరికే కూచున్నారు, అయినా అకాకీని బయటే నిలబెట్టాడు, నాకోసం గుమాస్తాలు ఎంతసేపు కాచుకుంటారో చూడు అని స్నేహితుడికి చూపించడానికి. ఇలా చెయ్యమని ఏ చట్టం చెప్పింది?

నాకు ఇంకా కడుపు మండేది తోటి గుమాస్తాల మీద. కాయితం ముక్కలు చించి అకాకీ నెత్తిన పోసి మంచు కురుస్తోందనేవాళ్ళు. కొత్తగా చేరిన కుర్రాడొకడు మాత్రం, వదిలెయ్యండి ఎందుకు బాధపెడతారు అన్న అకాకీ మాట విని అక్కడే ఆగిపోయాడు, ఆ మాట ఏళ్ళ తరబడి వాణ్ణి వెంటాడింది. అంటే అదే ఆఫీసులో ఉంటూ కూడా మనిషి ఆగొచ్చు కదా.

ప్రశ్న అడిగినవారు:
వాడొక్కడే కదండీ ఆగింది, మిగతావాళ్ళని ఆపాడా? కోటు పోయాక అదే గుమాస్తాలు జాలిపడి చందా వేద్దామనుకున్నారు, పోగైంది ఏమీ లేదు, ఎందుకంటే అప్పటికే డైరెక్టర్ చిత్రపటానికీ, పై అధికారి స్నేహితుడు రాసిన పుస్తకానికీ చందాలిచ్చి జేబులు ఖాళీ. మెట్లు చేసే పని ఇదే, మంచితనానికి డబ్బు మిగలనివ్వదు. ఏడాదికి 400 రూబుళ్ళ జీతగాడు 80 రూబుళ్ళ కోటు కోసం రాత్రిపూట టీ, కొవ్వొత్తి మానుకున్నాడు, డైరెక్టర్ బోనస్ 60 ఇచ్చాడు కాబట్టి సరిపోయింది, ఆయనకి ఆ రోజు మనసు రాకపోయుంటే?

జవాబు:
చిత్రపటం సంగతి నిజమే, పైవాడి పేరు చెప్పి అడిగితే ఎవరూ కాదనలేరు, ఆ చందా భయంతో ఇచ్చిందే. కాయితం ముక్కలు మాత్రం ఎవరి భయంతోనూ చించలేదు, రోజూ ఇష్టపడి చించారు. అకాకీని పాతిపెట్టేశాక గానీ ఆయన పోయాడని ఆఫీసులో తెలియలేదు, మర్నాడే ఆ సీట్లో ఇంకొకరు. మొదటి తప్పు ఆ పక్క బల్లలవాళ్ళదే అంటాను.