గరిటెలు చెక్కే చేతికి నొప్పి: బంతి పిసకాలా, బ్యాండు తెరవాలా?

ఉదయగిరి గరిటెలు:
మాది ఉదయగిరి. నర్ది చెక్కతో గరిటెలు, ఫోర్కులు చేయిస్తాను. మా దగ్గర ఆకురాయి పట్టే ఆడవాళ్లలో నలుగురికి కుడి మోచేతి బయటివైపు ఎముక దగ్గర నొప్పి. చెంబు ఎత్తాలన్నా, తడిగుడ్డ పిండాలన్నా ప్రాణం పోతోందంటున్నారు. రెండేళ్ల కింద నాకూ ఇదే వచ్చింది. అందరూ మెత్తటి బంతి పిసకమన్నారు. నెల పిసికితే ఇంకా ఎక్కువైంది. తర్వాత ఒక ఫిజియో అమ్మాయి నా ముంజేయి పట్టుకుని చూపించింది. పిడికిలి బిగించే కండరాలు అరచేతి వైపు ఉంటాయి, అవి మనకు రోజంతా పనిచేస్తూనే ఉంటాయి. వేళ్లు తెరిచేవి, మణికట్టును పైకి లేపేవి వెనకవైపు ఉంటాయి. గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు మడత పడకుండా ఆపేవి ఈ వెనకవైపువే. వీటికి బలం చాలక మోచేతి దగ్గర లాగుతోందట. ఐదు వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి మెల్లగా తెరవమంది. ముంజేయి బల్ల మీద బోర్లా పెట్టి, అరచెయ్యి అంచు బయటికి ఉంచి, అరకిలో బరువు పట్టుకుని మణికట్టును నిదానంగా కిందికి దించమంది, పైకి మాత్రం రెండో చేత్తో ఎత్తాలి. మూడు నెలలకు తగ్గింది. బంతి మానేయండి.

కావలి కుర్రాడు:
బంతి మానేయమనడానికి నువ్వెవరన్నా? పక్షవాతం వచ్చాక మా అమ్మకు డాక్టరే బంతి ఇచ్చారు. ఆర్నెల్లకు గ్లాసు పట్టుకుంది.

ఉదయగిరి గరిటెలు:
అది వేరు తమ్ముడూ. అమ్మకు పట్టు పోయింది, వీళ్లకు పట్టు వదలడం లేదు.

కావలి కుర్రాడు:
ఆ మాట ముందే రాయాల్సింది. మా అమ్మలాంటి వాళ్లు చదివి మానేస్తే?

పొదిలి మాస్టారు:
సుద్దముక్కతో నాకూ వచ్చింది. ఒక్క సూదితో పది రోజుల్లో పోయింది. ఇన్ని తిప్పలెందుకు?

ఒంగోలు ఫిజియో:
మాస్టారూ, 2006లో ఆస్ట్రేలియా వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. టెన్నిస్ ఎల్బో, అంటే ఈ మోచేతి బయటివైపు నొప్పే, ఉన్న 198 మందిని మూడు గుంపులుగా చేసి ఏడాది గమనించారు. ఆరు వారాలప్పుడు స్టెరాయిడ్ సూది వేయించుకున్నవాళ్లే బాగున్నారు. తర్వాత వాళ్లలోనే ఎక్కువమందికి తిరగబెట్టింది. ఫిజియో చేయించుకున్నవాళ్లు తొందరగా కోలుకున్నారు కానీ, ఏడాది చివరికి నొప్పి పెంచే పనులు తగ్గించుకుని ఊరికే ఉన్నవాళ్లూ దాదాపు వాళ్లలాగే ఉన్నారు.

దుర్గం కింద ఇల్లు:
నేను మా వదిన సంగతి చెప్తా. ఆమెదీ ఆకురాయి పనే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరి. రాత్రి రెండింటికి లేచి చెయ్యి విదిలించుకుంటూ కూర్చునేది. కొట్లో అందరికీ ఇచ్చినట్టే ఆమెకూ బ్యాండు ఇచ్చారు. ఎనిమిది నెలలు చేసింది. ఇప్పుడు బొటనవేలి కింద కండ కరిగి గుంట పడింది. జాకెట్ హుక్స్ నేను పెడుతున్నా.

ఒంగోలు ఫిజియో:
అది కండరాల తేడా కాదమ్మా. మణికట్టులో నరం నలిగే కార్పల్ టన్నెల్ లాగుంది. మొదట్లో అయితే రాత్రిళ్లు మణికట్టు వంగకుండా పట్టీ వేస్తాం, షుగరు, థైరాయిడ్ చూపిస్తాం. కండ కరిగిందంటే ఆలస్యం చేయొద్దు, ఆపరేషన్ అవసరమేమో వెంటనే చూపించండి.

ఉదయగిరి గరిటెలు:
నేను మంచికే ఇచ్చానమ్మా. రోజూ చేయమంటే ఎవరూ సరిగ్గా చేయరు. చేసినవాళ్లకు తగ్గింది.

దుర్గం కింద ఇల్లు:
సరిగ్గా చేయలేదా? తప్పు మళ్లీ ఆమెదేనా? పైన ఫిజియో గారు రాసింది చదువు. పని తగ్గించుకుని ఊరికే ఉంటే కూడా తగ్గుతుందంట. గరిటెకింత అని లెక్క కట్టి ఇచ్చే చోట ఊరికే ఎట్లా ఉంటారు? బ్యాండు పెట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే ఆ పది నిమిషాల కూలి ఎవరిస్తారు?

ఉదయగిరి గరిటెలు:
నాకు షాపులవాళ్లు ఇచ్చే రేటు ఎంతో నీకు తెలుసా? చెక్క దొరకడమే కష్టంగా ఉంది. రోజు కూలి ఇస్తే నెలకే మూసుకోవాలి.

కావలి కుర్రాడు:
ఇంతకీ బంతి మాట మార్చి రాయలేదు నువ్వు.

ఒంగోలు ఫిజియో:
ఖర్చు లేని పని ఒకటి చెప్తా. ఆకురాయి పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టండి, పిడి లావైతే వేళ్లు అంత బిగించక్కర్లేదు. గరిటెను చేత్తో కాకుండా బిగింపులో పెట్టి రాస్తే రెండో చేతికీ విశ్రాంతి.

ఉదయగిరి గరిటెలు:
అది చేయిస్తా. రేపే.

దుర్గం కింద ఇల్లు:
చేయించు. మా వదిన రెండు నెలలుగా ఎడమచేత్తో ఆకురాయి పడుతోందన్నా. నీ కొట్లోనే, తలుపు పక్కన కూర్చుంటుంది.